కౌంటింగ్ రోజు వార్త ఎలా ఇవ్వాలి: విశాఖ విలేకరులకు, డెస్కుకు, యూట్యూబ్ ఛానళ్లకు

కౌంటింగ్ తేదీ దగ్గరపడే కొద్దీ స్ట్రింగర్లు, కొత్తగా ఛానల్ పెట్టుకున్న కుర్రాళ్లు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ అవే. ఆధిక్యం అనాలా, గెలుపు అనాలా? పార్టీ కౌంటింగ్ ఏజెంటు చెప్పిన అంకె వేయొచ్చా? పక్క ఛానల్ వేసేసింది, మనమేం చేయాలి? వెబ్‌సైట్‌లో ఒకటుంది, గేటు దగ్గర ఇంకోటి వినిపిస్తోంది, ఏది నమ్మాలి?

వీటన్నిటికీ మందు ఒక్క అలవాటే. ఏ అంకె బయటికి వెళ్లినా దాని వెంట మూడు మాటలు వెళ్లాలి: ఎన్నో రౌండు, ఎవరు చెప్పారు, ఎన్ని గంటలకు. ఈ మూడింటిలో ఒకటి తెలియకపోయినా ఆ అంకె ఇంకా వార్త కాలేదని లెక్క.

ఇంత జాగ్రత్త ఎందుకంటే మన జిల్లాల్లో మెజారిటీల మీద పందేలు కాస్తారు. ఒక తప్పు స్క్రోలింగ్ నమ్మి చివరి గంటలో పొలం కాగితాలు పెట్టేవాళ్లున్నారు. 2024లో పోలింగ్ తర్వాత రాష్ట్రంలో గొడవలు చెలరేగితే, కౌంటింగ్ ముగిశాక కూడా 15 రోజులు 25 కంపెనీల కేంద్ర బలగాలను ఇక్కడే ఉంచాలని ఎన్నికల సంఘం ఆదేశించాల్సి వచ్చింది. అలాంటి వేడిలో "గెలిచేశాడు" అన్న ఒక్క తొందరమాట రెండు గుంపుల్ని ఒకే వీధిలోకి తెస్తుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- కౌంటింగ్ పాస్ అని మనం పిలిచే ఎన్నికల సంఘం అధికార పత్రం. ప్రెస్ అక్రిడిటేషన్ కార్డు దీనికి బదులు కాదు. పేర్లు, ఫొటోలు జిల్లా పౌర సంబంధాల అధికారి (డీపీఆర్వో) కార్యాలయం ద్వారా వెళ్తాయి కాబట్టి గడువు ముందే కనుక్కోండి.
- ప్రతి నియోజకవర్గానికీ పోలింగ్ కేంద్రాల సంఖ్య, ఈవీఎంలలో పోలైన మొత్తం ఓట్లు, కౌంటింగ్ టేబుళ్ల సంఖ్య. ఈ మూడూ లేకుండా ఆ రోజు కూర్చోవద్దు.
- వరుస సంఖ్యతో పోలింగ్ కేంద్రాల జాబితా, ఏ నంబరు ఏ ఊరిదో, ఏ వార్డుదో.
- గళ్లు గీసిన పొడవాటి నోటుబుక్కు. కంప్యూటర్‌లో ఎక్సెల్ ఉన్నా సరే, ఇదీ ఉండాలి.
- వేర్వేరు నెట్‌వర్క్‌ల సిమ్‌లు రెండు, పవర్ బ్యాంకులు రెండు, మంచినీళ్లు. 2024లో లెక్కింపు జూన్ 4న, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాల ప్రాంగణంలో జరిగింది. జూన్ మొదటి వారం విశాఖ ఉక్కపోతలో ఎండలో పెట్టిన ఫోన్ వేడెక్కి లైవ్ మధ్యలోనే ఆగిపోతుంది.
- డెస్కులో అంకెలు మాత్రమే చూసే మనిషి ఒకరు. యాంకర్‌కూ ఈ పనికీ పొత్తు పెట్టొద్దు.

పాస్ దొరకని చిన్న ఛానళ్లు దిగులు పడక్కర్లేదు. ఎన్నికల సంఘం ఫలితాల వెబ్‌సైట్, నియోజకవర్గంలో ఎన్నిక నడిపే రిటర్నింగ్ అధికారి (ఆర్వో) రౌండు ప్రకటనలు, ఈ నోటుబుక్కు ఉంటే గదిలో కూర్చుని కూడా శుభ్రంగా చెప్పొచ్చు. గేటు దగ్గర తోపులాటలో నిలబడి చెప్పినదానికంటే అదే నయం.

1. ముందు హద్దులు సరిచూసుకోండి

విశాఖలో ఎక్కువ తప్పులు పుట్టేది ఇక్కడే. విశాఖపట్నం లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు: శృంగవరపుకోట (ఎస్.కోట), భీమిలి, విశాఖ తూర్పు, దక్షిణం, ఉత్తరం, పశ్చిమం, గాజువాక. ఎస్.కోట విజయనగరం జిల్లాలో ఉంది. మరోపక్క పెందుర్తి విశాఖ జిల్లాలోదే అయినా లోక్‌సభకు వచ్చేసరికి అనకాపల్లి కిందికి పోతుంది.

దీనితో రెండు పొరపాట్లు జరుగుతాయి. జిల్లా కౌంటింగ్ కేంద్రంలో ఉన్న విలేకరి తనకు కనిపించిన ఏడు అసెంబ్లీలనూ కూడి "విశాఖ ఎంపీ ఆధిక్యం" అని పంపేస్తాడు. అందులో పెందుర్తి చేరిపోతుంది, ఎస్.కోట జారిపోతుంది. లేదా ఎస్.కోట అంకెలు ఆలస్యంగా వస్తుంటే ఆరు సెగ్మెంట్ల మొత్తాన్నే లోక్‌సభ మొత్తంగా చూపిస్తారు. అంతా ఏకపక్షంగా సాగే ఎన్నికలో ఈ తప్పు ఎవరి కంటా పడకపోవచ్చు. 2019లో మాత్రం 12 లక్షలకు పైగా ఓట్లు పోలైన ఈ లోక్‌సభ స్థానంలో తేడా 4,414 ఓట్లే. అలాంటి చోట ఒక సెగ్మెంటు అటూ ఇటూ అయితే ఓడినవాళ్లను గెలిపిస్తారు.

చేయాల్సింది: ఎస్.కోట ఓట్లు ఎక్కడ లెక్కిస్తున్నారో ముందే కనుక్కుని అక్కడొక మనిషిని పెట్టుకోండి. నోటుబుక్కులో లోక్‌సభకూ అసెంబ్లీకీ వేర్వేరు పేజీలు తీయండి. రెండూ ఒకేసారి లెక్కిస్తున్నప్పుడు ఎంపీ రౌండు, ఎమ్మెల్యే రౌండు ఒకే వేగంతో నడవాలని లేదు.

2. రౌండ్లు ఎన్నో ముందురోజే లెక్కకట్టండి

మామూలుగా ఒక హాల్లో ఈవీఎంలకు 14 టేబుళ్లు వేస్తారు. అంటే ఒక రౌండులో 14 కంట్రోల్ యూనిట్లు (ఈవీఎంలో ఓట్లు నమోదయ్యే భాగం). పోలింగ్ కేంద్రాలు 252 ఉంటే 18 రౌండ్లు. 255 ఉంటే 19, చివరి రౌండులో మూడే యంత్రాలు. ఎన్నికల సంఘం అనుమతితో టేబుళ్లు పెంచిన చోట ఈ లెక్క మారుతుంది. అందుకే టేబుళ్ల సంఖ్య అడిగి రాసుకోమన్నది.

యంత్రాలు పోలింగ్ కేంద్రాల వరుస సంఖ్య ప్రకారం టేబుళ్ల మీదికి వస్తాయి. ఒకటో రౌండు అంటే 1 నుంచి 14 నంబరు దాకా ఉన్న కేంద్రాలు, అంటే నియోజకవర్గంలో ఒక మూల. భీమిలి లాంటి చోట మత్స్యకార గ్రామాలు, పద్మనాభం, ఆనందపురం పల్లెలు, మధురవాడ అపార్టుమెంట్లు అన్నీ ఒకే నియోజకవర్గంలో ఉన్నాయి. ఒక మూల ఓట్లను బట్టి మిగతాది ఊహించడం కుదరదు. జాబితా ముందే చూసుకుంటే "మొదటి మూడు రౌండ్లు ఫలానా మండలానివి, ఫలానా వార్డులు ఇంకా రాలేదు" అని చెప్పగలరు. ప్రేక్షకుడికి ఉపయోగపడే మాట అది. విశ్లేషకుడి ఊహలకంటే ఆ ఒక్క వాక్యం విలువైనది.

3. పేర్ల దగ్గర జాగ్రత్త

2024లో ఈ నగరం నుంచి గెలిచినవారిలో భీమిలిలో గంటా శ్రీనివాసరావు, గాజువాకలో పల్లా శ్రీనివాసరావు, విశాఖ దక్షిణంలో వంశీకృష్ణ శ్రీనివాస్ ఉన్నారు. "శ్రీనివాసరావు గారు ముందంజ" అని ఫోన్లో చెబితే డెస్కు ఏది టైపు చేయాలి? ఇంటిపేరు, నియోజకవర్గం, పార్టీ మూడూ చెప్పాకే అంకె చెప్పాలని ముందురోజే ఒప్పందం చేసుకోండి. తూర్పు, పశ్చిమం, ఉత్తరం, దక్షిణం కూడా హడావిడిలో తారుమారవుతాయి. వాటికి మీ జాబితాలో ఉన్న నియోజకవర్గ సంఖ్యలు వాడండి.

అంకెలు ఫోన్లో ఒక్కొక్కటిగా పలకండి. "ఇరవై మూడు వందల ముప్పై ఐదు" అన్నది డప్పుల మోతలో "ఇరవై మూడు వేల..." అని వినిపిస్తుంది. అరవైకీ ఇరవైకీ, ఎనభైకీ తొంభైకీ తేడా తెలియదు. "రెండు, మూడు, మూడు, ఐదు. నాలుగు అంకెలు" అనాలి. అవతలివాళ్లు తిరిగి చదివి వినిపించాలి. ఐదు సెకన్ల పని.

4. ఉదయం 8 గంటలు: పోస్టల్ బ్యాలెట్లు

లెక్కింపు 8 గంటలకు పోస్టల్ బ్యాలెట్లతో మొదలై, అరగంట తర్వాత ఈవీఎంలు మొదలవుతాయి. 8.10కే "ట్రెండ్స్" అంటూ పట్టికలు వేసేవాళ్లను చూసి కంగారు పడకండి. కవరు విప్పడం, లోపల ఫారం 13ఏ ధ్రువీకరణ సరిగా ఉందో లేదో చూడడం, ఆ తర్వాతే ఓటు కవరు తెరవడం. సైనికుల ఓట్లయితే కవరు మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. నిదానంగా సాగే పని.

పోస్టల్ ఓట్లలో ఎక్కువ భాగం ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగులు, సైనికులు, ఇంటి దగ్గరే ఓటేసిన వృద్ధులు, దివ్యాంగులవి. జనం మొత్తానికి అవి నమూనా కావు. "పోస్టల్ బ్యాలెట్లలో ఆధిక్యం" అని విడిగా చెప్పండి, ఈవీఎం ఆధిక్యంతో కలిపేయకండి.

తిరస్కరించిన పోస్టల్ ఓట్ల సంఖ్య తప్పకుండా రాసుకోండి. గెలుపు తేడా ఆ సంఖ్యకంటే తక్కువైతే, తిరస్కరించిన ఓట్లన్నిటినీ రిటర్నింగ్ అధికారి మళ్లీ పరిశీలించి తీరాలి. 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్లతో తేలింది. అలాంటి చోట ఈ ఒక్క అంకె ముందే మీ దగ్గరుంటే సాయంత్రం వార్త మీదే. 2024లో ఫారం 13ఏ మీద అధికారి సంతకం ఉండి ముద్ర లేకపోతే ఓటు చెల్లుతుందా అన్న వివాదం లెక్కింపు ముందురోజు దాకా కోర్టుల్లో నడిచింది. ఇలాంటి ఆదేశాల తాజా ప్రతి దగ్గర పెట్టుకోండి.

ఇంకో మార్పు. ఈవీఎంలలో చివరి నుంచి రెండో రౌండు, పోస్టల్ బ్యాలెట్ల లెక్క పూర్తయ్యాకే చేపట్టాలని 2025 సెప్టెంబరులో ఎన్నికల సంఘం చెప్పింది. చివర్లో లెక్క ఆగినట్టు కనిపిస్తే అది ఈ నిబంధన వల్ల కావచ్చు. ముందు ఆర్వో కార్యాలయాన్ని అడగండి. "లెక్కింపు నిలిపివేత, ఉద్రిక్తత" అని రాయడం ఆ తర్వాతి సంగతి.

5. రౌండు అంకె ఎక్కడ పుడుతుందో తెలుసుకుని, అక్కడి నుంచే తీసుకోండి

టేబుల్ దగ్గర జరిగేది ఇది. స్ట్రాంగ్ రూమ్ నుంచి కంట్రోల్ యూనిట్, దానితోపాటు ఆ కేంద్రంలో పోలైన ఓట్ల లెక్క రాసిన ఫారం 17సీ వస్తాయి. సీళ్లు, నంబరు ఏజెంట్లకు చూపిస్తారు. కౌంటింగ్ సూపర్‌వైజర్ రిజల్ట్ మీట నొక్కితే తెర మీద ముందు మొత్తం ఓట్లు, తర్వాత వరుసగా ఒక్కో అభ్యర్థి ఓట్లు వస్తాయి. కంచెకు ఇవతల కూర్చున్న ఏజెంట్లు అవే కాగితం మీద రాసుకుంటారు. పోలింగ్ రోజు 17సీలో రాసిన మొత్తంతో ఇది సరిపోవాలి. తర్వాత ఫారం 17సీ రెండో భాగం నింపి, సంతకాలై, ఆర్వో టేబుల్‌కు చేరుతుంది. ప్రతి రౌండులో ఏవైనా రెండు యంత్రాలను ఎన్నికల సంఘం పంపిన పరిశీలకుడు స్వయంగా సరిచూస్తారు. 14 టేబుళ్లవీ కూడి, పరిశీలకుడు ఒప్పుకున్నాక రౌండు ఫలితం ప్రకటిస్తారు, కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు.

ఇక్కడ గుర్తుంచుకోవలసింది, ఏజెంటుకు తెలిసేది తన ముందున్న ఒక్క టేబులే. పద్నాలుగింటిలో ఒకటి. అతను నిజమే చెప్పినా అది రౌండు మొత్తం కాదు. పైగా హాల్లోకి ఏజెంట్లు ఫోన్లు తీసుకెళ్లకూడదు. "లోపలి నుంచి మా ఏజెంటు వాట్సాప్ పెట్టాడు" అని ఎవరైనా అంటే ఆ మాటనే అనుమానించాలి.

నమ్మకం ఈ వరుసలో పెట్టుకోండి:

- ఆర్వో చదివి వినిపించిన లేదా బోర్డు మీద రాసిన రౌండు ఫలితం.
- ఎన్నికల సంఘం వెబ్‌సైట్, యాప్. ఇది హాలు కంటే ఒకటి రెండు రౌండ్లు వెనక ఉండొచ్చు. తప్పు కాదు, ఆలస్యం.
- పోటీలో ఉన్న రెండు పార్టీల నుంచీ విడివిడిగా వచ్చి, ఒకదానితో ఒకటి సరిపోయిన అంకె. ఇది డెస్కు నోటుబుక్కు కోసం. ప్రసారానికి కాదు.
- ఒక్క పార్టీ ఆఫీసు చెప్పినది, ఇంకో ఛానల్‌లో కనిపించినది: వేయొద్దు.

పక్క ఛానల్ వేసిందంటే వాళ్లకు ఆర్వో చెప్పారని కాదు. ఒకరి తప్పును ముగ్గురు ఎత్తి రాస్తే అది మూడు ఆధారాలు కాదు, ఒకే తప్పు.

హాల్లోకి మీడియాను చిన్న బృందాలుగా, అధికారి వెంట, కాసేపు మాత్రమే పంపుతారు. చేతిలో పట్టుకునే కెమెరా తప్ప స్టాండు కుదరదు. గీసిన గీత దాటొద్దు. కంట్రోల్ యూనిట్ తెర మీది అంకెలను, బ్యాలెట్ పత్రాల మీది ఓటును ఎవరూ చదవగలిగేలా తీయకూడదు. ఫోన్ మీడియా సెంటర్‌లో వదిలి వెళ్లాలి. కౌంటింగ్ కేంద్రం చుట్టూ 100 మీటర్ల లోపల వాహనాలకు అనుమతి లేదు కాబట్టి లైవ్ వ్యాను ఎక్కడ ఆపాలో ముందురోజే చూసుకోండి.

6. ప్రతి రౌండుకూ లెక్క సరిచూడండి

నోటుబుక్కులో గళ్లు ఇలా: రౌండు, సమయం, ఎవరు చెప్పారు, ఈ రౌండులో ఒక్కొక్కరికి, మిగతావారు నోటాతో కలిపి, ఈ రౌండు మొత్తం, ఇప్పటిదాకా ఒక్కొక్కరికి, ఆధిక్యం, ఇంకా లెక్కించాల్సినవి.

ఊహించిన ఒక ఉదాహరణ. 18 రౌండ్లు, ఈవీఎం ఓట్లు 1,74,600. ఏడో రౌండు ముగిసేసరికి మొదటి అభ్యర్థికి 31,240, రెండో అభ్యర్థికి 28,905, మిగతావారికి 4,860. మొత్తం 65,005. ఆధిక్యం 2,335. ఎనిమిదో రౌండులో మొదటి అభ్యర్థికి 4,012, రెండో అభ్యర్థికి 4,410, మిగతావారికి 690.

ఇప్పుడు మొదటి అభ్యర్థికి 35,252, రెండో అభ్యర్థికి 33,315. ఆధిక్యం 1,937. దీన్ని రెండు దారుల్లో చూడాలి. ఒకటి, మొత్తాల తేడా: 35,252 నుంచి 33,315 తీసేస్తే 1,937. రెండోది, పాత ఆధిక్యం నుంచి ఈ రౌండు తేడా: 2,335 నుంచి 398 తీసేస్తే 1,937. రెండూ కలిశాయి, అంకె మంచిది. కలవకపోతే ఎక్కడో అంకె తిరగబడింది, లేదా ఒక రౌండు మీకు అందలేదు. వేయకుండా మళ్లీ అడగండి.

ఎక్కువగా జారే చోటు కూడా ఇదే. ఎనిమిదో రౌండులో ముందున్నది రెండో అభ్యర్థి. మొత్తం మీద ముందున్నది మొదటి అభ్యర్థి. "8వ రౌండులో రెండో అభ్యర్థి ముందంజ" అని స్క్రోలింగ్ వేస్తే మాట అబద్ధం కాదు, కానీ చూసేవాళ్లలో సగం మంది ఆధిక్యం చేతులు మారిందనుకుంటారు. "ఈ రౌండులో", "మొత్తం మీద" అన్న మాటలు లేకుండా ఆధిక్యం వాక్యం రాయకండి.

రెండో పరీక్ష, రౌండు మొత్తం. 14 కేంద్రాల్లో పోలైన ఓట్లు మీ జాబితాలో ఉన్నాయి. రౌండు మొత్తం దానికి దగ్గరగా ఉండాలి. బాగా తగ్గితే యంత్రాన్ని పక్కన పెట్టారేమో అడగండి. తెర వెలగకపోయినా, పోలింగ్ రోజు ముందుగా పరీక్షకు వేసే మాక్ పోల్ ఓట్లు చెరపడం మరిచిపోయినా ఆ యంత్రాన్ని పక్కన పెడతారు. చివరికి తేడా తక్కువై, ఆ ఓట్లు ఫలితాన్ని మార్చేలా ఉంటే వీవీప్యాట్ చీటీలు (ఓటు వేయగానే యంత్రం ముద్రించిన కాగితాలు) లెక్కిస్తారు. నిబంధనల్లో ఉన్న దారే ఇది. "ఓట్లు గల్లంతు" అన్న శీర్షిక పెట్టే ముందు ఇది అడిగారా?

7. వాక్యం ఇలా రాయండి

"విశాఖ ఉత్తరం: 18 రౌండ్లలో 8 పూర్తి. మొత్తం మీద ఫలానా పార్టీ అభ్యర్థి ఫలానావారికి 1,937 ఓట్ల ఆధిక్యం. ఇంకా లక్షకు పైగా ఓట్లు లెక్కించాలి. రిటర్నింగ్ అధికారి ప్రకటన, ఉదయం 11.40."

టీవీ స్క్రోలింగ్‌లో ఇంత పట్టదంటారు. "విశాఖ ఉత్తరం 8/18: ఫలానా పార్టీ +1,937 (ఆర్వో, 11.40)" అని పడుతుంది.

మాటల విషయంలో మా పట్టుదల ఇది:

"మెజారిటీ" అన్నది ఫలితం ప్రకటించాకే. అప్పటిదాకా "ఆధిక్యం". మన వాడుకలో రెండూ కలిసిపోయాయి, అందుకే పందెం కాసినవాడు పదో రౌండు "మెజారిటీ" విని డబ్బు అడగడానికి వెళ్తాడు.

"గెలుపు ఖాయం" అనాలంటే ఆధిక్యం, ఇంకా లెక్కించని మొత్తం ఓట్లకంటే ఎక్కువ ఉండాలి. పోస్టల్ ఓట్లు, పక్కన పెట్టిన యంత్రాలు కూడా ఆ మొత్తంలో చేరాలి. అప్పుడు కూడా "అధికారిక ప్రకటన రావాలి" అని చేర్చండి. గాజువాకలో 2024లో తేడా 95 వేలు దాటింది, రాష్ట్రంలోనే పెద్దది. అంత ఏకపక్షంగా సాగినా ఈ రెండు మాటలు చేర్చినందువల్ల ఎవరికీ నష్టం లేదు.

"దూసుకుపోతున్న", "చతికిలపడ్డ", "మట్టికరిచిన" లాంటివి కౌంటింగ్ రోజు పక్కన పెట్టండి. రిటర్నింగ్ అధికారి ప్రకటించే దాకా తుది ఫలితమంటూ వేయకూడదని, వేసే అంకెలు అనధికారికమో పాక్షికమో అని స్పష్టంగా చెప్పాలని వార్తా ప్రసార సంస్థల నియంత్రణ మండలి 2014లోనే మార్గదర్శకాల్లో పెట్టింది.

8. రాష్ట్రం పట్టిక వేసేటప్పుడు

అసెంబ్లీలో 175 స్థానాలు, సగం దాటాలంటే 88. "ఫలానా పార్టీ 40 చోట్ల ముందంజ" అన్నప్పుడు ఎన్ని స్థానాల సమాచారం వచ్చిందో పక్కనే ఉండాలి. 60లో 40కీ, 170లో 40కీ పోలికే లేదు. ఆధిక్యం, గెలుపు రెండు వేర్వేరు గళ్లలో పెట్టండి, కూడి ఒకే అంకెగా చూపించకండి. ఎగ్జిట్ పోల్ అంకెలను ఈ పట్టిక పక్కన నిలబెట్టవద్దు. చూసేవాడికి రెండూ ఫలితాల్లాగే కనిపిస్తాయి.

ఓట్ల శాతం నుంచి సీట్లు ఊహించే పని అసలే పెట్టుకోకండి. 2019లో 39 శాతం పైచిలుకు ఓట్లు తెచ్చుకున్న తెలుగుదేశానికి 23 సీట్లు వచ్చాయి. 2024లో 39 శాతం పైచిలుకే తెచ్చుకున్న వైఎస్సార్‌సీపీకి 11 వచ్చాయి.

9. చివరి రౌండు అయ్యాక

చివరి రౌండు అవగానే "గెలుపు" కార్డు వేసేయడం బాగా అలవాటైపోయిన తప్పు. ఇంకా మిగిలిన పని ఉంది. ప్రతి అసెంబ్లీ సెగ్మెంటుకూ లాటరీ తీసి ఎంచిన 5 పోలింగ్ కేంద్రాల వీవీప్యాట్ చీటీలు లెక్కించి యంత్రంతో పోల్చాలి. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒకటి నుంచి ఐదుకు పెంచింది. తేడా వస్తే చీటీల లెక్కే చెల్లుతుంది.

తర్వాత ఆర్వో మొత్తం ఓట్లు ప్రకటించి కాసేపు ఆగుతారు. రీకౌంటింగ్ కావాలనుకున్న అభ్యర్థి లేదా ఏజెంటు అప్పుడే కారణాలతో రాతపూర్వకంగా కోరాలి. ఆర్వో ఒప్పుకోవచ్చు, తోసిపుచ్చవచ్చు. "రీకౌంటింగ్ కోరారు" వేరు, "రీకౌంటింగ్‌కు ఆదేశం" వేరు. మొదటిదాన్ని రెండోదిగా రాస్తే బయట గుంపు కదులుతుంది.

ఫలితం ఫారం 21సీలో ప్రకటించి, గెలిచినవారికి ఫారం 22లో ధ్రువపత్రం ఇస్తారు. "గెలిచారు" అన్న మాటకు తలుపు తెరుచుకునేది ఇక్కడ.

10. గొడవ, పుకారు వచ్చినప్పుడు

"ఈవీఎంలు మార్చేశారు", "స్ట్రాంగ్ రూమ్‌లో కరెంటు తీశారు", "ఫలానా చోట రాళ్లు రువ్వుకున్నారు" అని వీడియో వస్తుంది. వేయకుండా ముందు వీటికి జవాబు తెచ్చుకోండి: ఎవరు తీశారు, ఎప్పుడు, ఏ గోడ, ఏ బోర్డు కనిపిస్తోంది? గతంలో ఇదే వీడియో తిరిగిందా? వీడియోలోంచి ఒక చిత్రం తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే పాతవి చాలావరకు దొరికిపోతాయి. తర్వాత ఆర్వో లేదా పోలీసు కమిషనరేట్ మాట, వీలైతే అవతలి పార్టీ ఏజెంటు మాట.

గొడవ నిజమే అయితే చోటు చెప్పండి, పోలీసులు ఏం చేస్తున్నారో చెప్పండి. ఎవరి ఇల్లు, ఏ కులం, ఏ వీధి అన్నవి ఆ గంటలో చెప్పకండి. జనం ఎక్కడ పోగవుతున్నారో లైవ్‌లో చూపిస్తే ఇంకో గుంపుకు దారి చూపించినట్టే. ఊరేగింపుల మీద నిషేధం ఉందో లేదో ఆ రోజు ఆదేశం చూసుకోండి. ఓడిన అభ్యర్థి ఇంటి ముందు కెమెరా పెట్టి ఏడుపు తీయడం వార్త కాదు.

మీ ఛానల్ లోగోతో నకిలీ కార్డులు తిరుగుతాయి. అందుకే ప్రతి అసలు కార్డు మీద రౌండు, సమయం వేయండి. అవి లేనిది మాది కాదని ఉదయమే చెప్పేయొచ్చు.

11. తప్పు పోతే

తప్పు పోయిన చోటే, అంతే పెద్ద అక్షరాలతో, రెండు అంకెలూ చూపించి దిద్దండి: "11.40కి విశాఖ తూర్పు ఆధిక్యం 12,350 అని వేశాం. సరైన అంకె 1,235. పొరపాటుకు చింతిస్తున్నాం." ట్వీటు, కార్డు చప్పుడు లేకుండా తీసేయొద్దు. దాన్ని ఎత్తి పంపినవాళ్ల ఫోన్లలో అది ఉండనే ఉంటుంది. యాంకర్ నోటితో ఒకసారి, స్క్రోలింగ్‌లో కనీసం పావుగంట.

జీవీఎంసీ, ఎమ్మెల్సీ లెక్కింపులైతే

జీవీఎంసీ వార్డుల ఎన్నిక రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటుంది. కేంద్ర ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో వెతికితే దొరకదు. వార్డు ఆర్వోలే దిక్కు.

ఉత్తరాంధ్ర పట్టభద్రుల, ఉపాధ్యాయ ఎమ్మెల్సీ స్థానాల్లో లెక్కే వేరు. ఓటు కాగితం మీద, ప్రాధాన్య క్రమంలో. ముందు కట్టలు కట్టడానికే గంటలు పడుతుంది, అప్పుడు చెప్పడానికి అంకె ఉండదు. చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి ఎక్కువ తెచ్చుకున్నవారు గెలుస్తారు. 20,001 ఓట్లు చెల్లితే కోటా 10,001. మొదటి ప్రాధాన్యంలో ఎవరూ అది దాటకపోతే అట్టడుగున ఉన్నవారిని తప్పించి, వారి ఓట్లలో తర్వాతి ప్రాధాన్యం చూసి పంచుతారు. ఇక్కడ ప్రతి వార్తలో కోటా ఎంతో, దానికి ఎన్ని తక్కువో చెప్పండి. "మొదటి ప్రాధాన్యంలో ఆధిక్యం" అన్నదాన్ని గెలుపుగా రాస్తే అర్ధరాత్రి దిద్దుబాటు వేయాల్సి రావచ్చు.

రాత్రి ఇంటికి వెళ్లే ముందు

మీరు చివరగా వేసిన అంకెలను, ఫారం 20 తుది పట్టిక అందుబాటులోకి రాగానే, దానితో నియోజకవర్గాల వారీగా పోల్చండి. పోస్టల్ ఓట్లు కలిపి ఉంటాయి కాబట్టి ఈవీఎం మొత్తంతో తేడా వస్తుంది. ఆ తేడా పోస్టల్ సంఖ్యకు సరిపోతోందో చూడండి. సరిపోకపోతే మర్నాటి పేపర్‌లోనే దిద్దండి. నోటుబుక్కు, ఆడియో, స్క్రోలింగ్ లాగ్ పారేయొద్దు. ఫలితం మీద హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయడానికి ప్రకటన తేదీ నుంచి 45 రోజుల గడువుంది. కేసు పడితే ఏ రౌండులో ఎవరు ఏం ప్రకటించారో చెప్పే కాగితం మీ దగ్గరే ఉండొచ్చు. తేదీ రాసి, సంతకం పెట్టి, డెస్కు బీరువాలో పెట్టండి.